మే నెలలో ఉదయగిరి దుర్గం ఎక్కాలంటే ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్ని నీళ్లు మొయ్యాలి?

ఆత్మకూరు_ఆడపడుచు:

అందరికీ నమస్తే. మేముండేది బెంగళూరులో. మే రెండో వారంలో పుట్టింటికి, ఆత్మకూరుకి వస్తున్నాం (శ్రీశైలం దారిలో ఉండేది కాదు, మన నెల్లూరు ఆత్మకూరే). పది రోజులుంటాం. అందులో ఒక పూట ఉదయగిరి దుర్గం ఎక్కాల్సిందేనని మావాడు పట్టు పట్టాడు. ఎక్కేది నలుగురం: నేను, మా ఆయన, పదో తరగతి పూర్తయిన మా అబ్బాయి, ఆత్మకూరులోనే ఉండే మా నాన్న. నాన్నకి అరవై రెండు, బీపీ మాత్ర వేసుకుంటారు, రోజూ పొద్దున్నే నడక అలవాటు.

మనిషికి ఎన్ని లీటర్లు కావాలి? పైన కోనేర్లున్నాయి కదా, ఆ నీళ్లు పనికొస్తాయా? గ్లూకోజు పొడి సరిపోతుందా, ఓఆర్‌ఎస్సే కావాలా? మామూలు స్పోర్ట్స్ షూ చాలా? ఆరింటికి ఆత్మకూరులో కారు తీస్తే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

దుర్గం_దారి:

ఎక్కొద్దని అనను గానీ, పైదాకా పోవాలన్న పంతం మాత్రం ఇంట్లో పెట్టి రండి. రాయలవారంతటివాడికే ఈ కోట పట్టడానికి 1513, 1514ల్లో దాదాపు ఏడాదిన్నర పట్టింది. మీకున్నది ఒక పూట, అదీ మే నెల పూట.

ముందు మీ టైము లెక్క సరిచేద్దాం. మే మధ్యలో మన వైపు 5:45 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, 5:20కల్లా దారి కనిపించేంత వెలుగు వస్తుంది. ఆరింటికి ఆత్మకూరులో కారు తీస్తే కొండ కిందికి చేరి, బ్యాగులు సర్దుకుని అడుగేసేసరికి ఏడున్నర. అంటే రోజులో పనికొచ్చే చల్లటి రెండు గంటలూ కారులోనే అయిపోయాయి. ముందురోజు రాత్రికే ఉదయగిరి చేరి పడుకోండి, లేదా ఆత్మకూరులో నాలుగింటికి కదలండి. 5:20కి కాళ్లు దారి మీద ఉండాలి.

రెండోది, అసలైనది: వెనక్కి తిరిగే టైము. దుర్గం శిఖరం సముద్రమట్టానికి 3,079 అడుగులు. కింద నుంచి రెండు వేల అడుగులకు పైగా ఎక్కుడు. ఎండాకాలంలో, అలవాటు లేని కుటుంబం గంటకు 250 నుంచి 300 మీటర్ల ఎత్తు ఎక్కితే గొప్ప. మధ్యలో ఆగడాలు, ఫొటోలు కలుపుకుంటే పైకే మూడు గంటలు దాటుతుంది. దిగడానికి రెండు, రెండున్నర. ఇప్పుడు వెనక నుంచి లెక్కెయ్యండి. మేలో పదింటికి నేల మీద ఉండాలి. అంటే ఎక్కడున్నా సరే, 7:45కి వెనక్కి తిరగాలి. పైన బురుజు కనిపిస్తున్నా, "ఇంకో పావుగంటే కదా" అని మీవాడు బతిమాలినా సరే. కొండ మీద వడదెబ్బ తగిలేది ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడే ఎక్కువ. అప్పటికి నీళ్లు అడుగంటి ఉంటాయి, రాయి కాలి ఉంటుంది, మోకాళ్లు వణుకుతుంటాయి, ధ్యాసంతా కింద ఉన్న కారు మీద ఉంటుంది.

పైకెళ్తే చల్లగా ఉంటుందనుకోకండి. వెయ్యి మీటర్లకు తగ్గేది ఆరున్నర డిగ్రీలు. ఈ ఎత్తుకి నాలుగు డిగ్రీలు తగ్గితే గొప్ప. టీవీలో చెప్పే 42 డిగ్రీలు నీడలో, గాలాడే పెట్టెలో కొలిచింది. ఎండలో రాయి యాభై దాటుతుంది. చెయ్యి ఆనించి ఎక్కాల్సిన చోట అరచెయ్యి నిలవదు. తోటపని చేసే గుడ్డ చేతితొడుగులు ఒక జత బ్యాగులో వేసుకుంటే దిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

ఇంకో మాట. మ్యాపులో ఉదయగిరి కోట అని కొడితే కన్యాకుమారి జిల్లాలోది కూడా వస్తుంది. చూసి నొక్కండి.

పెన్నా_గట్టు:

పైన చెప్పిన లెక్క బాగుంది గానీ అసలు మేలో ఎందుకబ్బా? రోహిణి కార్తె రాకముందే పడమటి గాలి మొదలవుతుంది. ఉదయగిరి దాకా సముద్రపు గాలి రాదు. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా దీనికి సరైన కాలం. వానలు తగ్గిపోతాయి, కోనల్లో ఇంకా తడి ఉంటుంది, తొమ్మిదింటికి కూడా చొక్కా తడవకుండా ఎక్కొచ్చు. సంక్రాంతి సెలవులకి పెట్టుకోండి. దసరాకి వద్దు. ఆ తర్వాతే మనకి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. తడిసిన బండల మీద జారితే ఎముకే విరుగుతుంది.

పిల్లాడు ఈసారే ఎక్కాలంటే నెల్లూరు పక్కనే నరసింహకొండ ఉంది, వేదగిరి నరసింహస్వామి గుడి. ముప్పావుగంట పని, పైదాకా రోడ్డు కూడా ఉంది. ఎవరైనా ఆగిపోతే కారెక్కించుకోవచ్చు. ఒకటే జాగ్రత్త: గుడి కదా అని చెప్పులు కింద వదిలి ఎక్కకండి. తొమ్మిది దాటాక తారురోడ్డు, బండలు అరికాళ్లని బొబ్బలెక్కిస్తాయి. చెప్పులు సంచిలో పెట్టుకుని పైదాకా తెచ్చుకోండి.

సెలైన్_బాటిల్:

నీళ్ల సంగతి నేను చెప్తా.

ఎక్కేటప్పుడు ఎండలో మనిషికి గంటకు ముప్పావు లీటరు లెక్కెయ్యండి. ఐదు గంటలకి మూడున్నర, నాలుగు లీటర్లు. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, వీపు మీద తెలుస్తుంది. అందుకని చాలామంది రెండు లీటర్లతో సరిపెడతారు, అక్కడే దెబ్బతింటారు. గుక్కెడు గుక్కెడుగా కాదు, దాహం వేసేదాకా ఆగి ఒకేసారి బాటిలు ఎత్తడమూ కాదు. పావుగంటకోసారి ఒక టీ గ్లాసున్నర, అంటే 150 నుంచి 200 మిల్లీలీటర్లు. బయల్దేరడానికి గంట ముందు అర లీటరు. సగం నీళ్లు అయిపోయాయంటే టైముతో పని లేదు, వెనక్కి తిరగడమే.

నెల్లూరులో చెమట కారుతుంది, ఉదయగిరి వైపు పొడిగాలికి కారకముందే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉంది కదా, చెమట పట్టలేదు, నీళ్లెందుకు అనుకుంటారు. చొక్కా వీపు మీద, టోపీ అంచున తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే ఆ నీళ్లన్నీ ఎటు పోయాయో అర్థమవుతుంది. పొద్దున ఒంటేలు లేత పసుపు రంగులో ఉండాలి. ముదురు పసుపుగా ఉంటే ఆ రోజు కొండే వద్దు.

గ్లూకోజు పొడిలో చక్కెరే తప్ప పోయిన ఉప్పు తిరిగి రాదు. నాలుగు లీటర్లలో ఒక లీటరు ఓఆర్‌ఎస్ ఉండాలి. ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్నది తీసుకుని, మొత్తం ప్యాకెట్టు ఒకేసారి సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపండి. సగం సగం వెయ్యడం, చిన్న బాటిల్లో చిక్కగా కలపడం వద్దు, చిక్కదనం ఎక్కువైతే కడుపులో తిప్పుతుంది. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. స్పూను తలగొట్టి కొలవండి, కుప్పగా కాదు. గూడూరు నిమ్మకాయ ఒకటి పిండుకుంటే తాగబుద్ధవుతుంది. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. మజ్జిగ బయల్దేరేముందు ఇంట్లో తాగండి. ప్లాస్టిక్ బాటిల్లో పోసి మోస్తే తొమ్మిదికల్లా పులిసి మూత ఉబ్బుతుంది. రాత్రి ఫ్రీజరులో బాటిలు పెట్టేట్టయితే సగానికే నీళ్లు పొయ్యండి, పొద్దున మిగతాది నింపుకోండి. నిండుగా పెడితే గడ్డకట్టి పగులుతుంది.

ఉత్త నీళ్లే గంటకు లీటరున్నర చొప్పున పట్టిస్తే కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి తల నొప్పి, వాంతి, అయోమయం మొదలవుతాయి. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు.

మీ నాన్నగారికి ముందు డాక్టరు మాట కావాలి. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. అవి వేసుకునేవాళ్లు ఎండలో తొందరగా ఎండిపోతారు, కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతాయి. ఓఆర్‌ఎస్‌లో ఉన్నది ఉప్పే కాబట్టి అదీ అడగండి. మాత్ర మానేసి మాత్రం ఎక్కకూడదు. అయితే ఆయన ఆత్మకూరు ఎండలో ఏడాది పొడుగునా ఉన్నవారు. మీరు ముగ్గురూ బెంగళూరు నుంచి దిగేవాళ్లు. ఒళ్లు వేడికి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది, చెమట ముందుగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం అప్పుడే జరుగుతాయి. కాబట్టి వచ్చిన మర్నాడే కొండెక్కకండి. పది రోజుల్లో ఎనిమిదో రోజుకి పెట్టుకోండి. ఈలోపు రోజూ సాయంత్రం ఐదున్నరకి చెరువుకట్ట మీద ముప్పావుగంట చెమట పట్టేలా నడవండి. ఏసీ గదిలో వారం పడుకుని ఎనిమిదో రోజు ఎక్కితే ఆ లెక్క చెల్లదు.

ఆత్మకూరు_ఆడపడుచు:

అందరికీ చాలా థాంక్స్. మేమంతా నాన్న గురించే భయపడుతున్నాం, ఇప్పుడు మా గురించి మేము భయపడాల్సి వచ్చింది! 7:45కి తిరిగొచ్చేద్దామని ఇంట్లో ఒప్పించాను. నాలుగింటికే టార్చి వేసుకుని ఎక్కడం మొదలెడితే ఇంకో గంట కలిసొస్తుంది కదా అంటున్నారు మా ఆయన. అది మంచిదేనా? షూ సంగతి ఎవరూ చెప్పలేదు.

ముళ్లకంప:

అక్కా, చీకట్లో వద్దు. వెలిగొండల్లో ఎలుగుబంట్లు తిరగతా ఉంటాయి. తెల్లారుజామున, మునిమాపున వాటి సంచారం జాస్తి. మనం వచ్చేది దానికి తెలీక దగ్గరగా ఎదురుపడితేనే మీద పడతాది. వెలుగొచ్చినాక కూడా గట్టిగా మాట్లాడుకుంటా పోవాల. పిల్లోడిని ముందు పరిగెత్తనీయొద్దు. ఎండాకాలం రాత్రుల్లో పాములు కూడా బయటే ఉంటాయి. రాళ్ల సందుల్లో ఉండే చిన్న పింజర మట్టి రంగులోనే ఉంటాది, టార్చి వెలుగులో ఆకుకీ దానికీ తేడా తెలీదు. చెయ్యి పెట్టే చోటు ముందు కంటితో చూడాల. కూర్చునే రాయిని కర్రతో తట్టాల. కరిస్తే కొయ్యొద్దు, తాడు బిగించొద్దు. కదలనీకుండా కిందికి తెచ్చి 108కి ఫోన్ చెయ్యాల.

షూ సంగతి. కొత్తదా పాతదా కాదు, అడుగు చూడు. బొటనవేలు గోరుతో అడుగున గాడులు తడిమితే లోతు తగలాల. నున్నగా ఉంటే ఎండిన బోదగడ్డి మీద, బండ మీద పరుచుకున్న సన్న గరుసు మీద గోలీల మీద కాలేసినట్టు జారతాది. ఏండ్ల తరబడి అట్టపెట్టెలో దాచిన షూ ఇంకా మోసం. చూడ్డానికి కొత్తగా ఉంటాది, వేడికి నడి కొండలో అడుగు ఊడొచ్చి నాలుకలా వేలాడతాది. వారం ముందే వేసుకుని తిరిగి చూడండి. రెండు మూరల గట్టి తాడు, కాస్త వెడల్పు టేపు బ్యాగులో ఉంటే ఊడినా కట్టుకుని దిగొచ్చు. కాలిగోళ్లు రెండు రోజుల ముందు కత్తిరించుకోవాల, లేకుంటే దిగేటప్పుడు బొటనవేలు గోరు నల్లబడతాది. దిగేముందు లేసు చీలమండ దగ్గర బిగించి కట్టుకోవాల. హవాయి చెప్పులు వేసుకుని మేకల కాపర్లు ఎక్కుతారు గదా అనొద్దు, వాళ్ల కాళ్లు వేరే.

జీన్సు వద్దు. చెమటకి తొడలు ఒరుసుకుని దిగేటప్పటికి నడవలేరు. వదులు నూలు ప్యాంటు, నిండు చేతుల చొక్కా, తలకి తువ్వాలు. ఆ తువ్వాలు తడిపి చుట్టుకుంటే పొడిగాలికి బాగా చల్లబడతాది. పొట్టి లాగులేసుకుంటే కంప పిక్కలంతా గీరి పెడతాది. తొడల మధ్య కాస్త కొబ్బరినూనె రాసుకుంటే మంచిది.

దారి విషయం: మేకల దారులు శానా ఉంటాయి, ఎక్కేటప్పుడు అన్నీ పైకే పోతాయి కాబట్టి తప్పినట్టు తెలీదు. దిగేటప్పుడు చిక్కు. దారి చీలిన ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి, దిగేటప్పుడు ఎట్టా కనపడతాదో అటువైపు నుంచి ఫొటో తీసుకోవాల. ఊళ్లో తెలిసిన మనిషిని కూలి ఇచ్చి తోడు తీసుకుపోతే ఈ తలనొప్పే ఉండదు. ముందురోజు ఫారెస్టు వాళ్లకి ఒక మాట చెప్పి, పోనిస్తున్నారా లేదా కనుక్కోండి. ఎండాకాలంలో కార్చిచ్చు భయం ఉంటాది, అగ్గిపెట్టె బీడీ అసలు పైకి తీసుకుపోవద్దు.

కొండచరియల కింద అర్ధచంద్రంలా వేలాడే తేనెపట్టులు కనపడితే అరవకుండా పక్కగా పొండి. సెంటు కొట్టుకుని రావొద్దు. ఈగలు లేస్తే చేతులు ఆడించకుండా మొహం తువ్వాలుతో కప్పుకుని దూరంగా పారిపోవడమే.

దుర్గం_దారి:

కోనేటి నీళ్ల గురించి అడిగారు. మేలో పైన నీళ్లు ఉంటాయని లెక్క వేసుకోకండి. ఉన్నా పచ్చటి పాచి పట్టి ఉంటాయి. తువ్వాలు తడుపుకోవడానికి పనికొస్తాయి, తాగడానికి కాదు. పాచి మెట్ల మీద కాలు పెట్టి వంగకుండా, బాటిలుకి తాడు కట్టి ముంచండి. ఈత మాట అసలే వద్దు.

తిరిగొచ్చేటప్పుడు తాగుదామని దారిలో బాటిలు దాచిపెట్టే అలవాటు కొందరికుంది. కోతులు వదలవు, ప్లాస్టిక్ బాటిలు కొరికి పారేస్తాయి. అది దొరికితే దొరికినట్టు, లెక్కలో కలపొద్దు.

పైన మసీదులు, గుడి గోడలు, బురుజులు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి మీదెక్కి ఫొటోలు వద్దు. సున్నం విడిచిన రాళ్లు, పై రాయి కదిలితే కింది వరస కూడా వస్తుంది. ఇలాంటి పాత కోటల్లో గుప్తనిధుల కోసం తవ్వి వదిలేసిన గుంతలు ఉండొచ్చు, పైన గడ్డి పెరిగి కనపడవు. కర్ర ఒకటి చేతిలో ఉండాలి, ముందు కర్ర తర్వాత కాలు.

ఎక్కే వాలు మీద ఎండ ఎన్నింటికి పడుతుందో ముందురోజు పొద్దున కింద నిలబడి చూసి పెట్టుకోండి. ఆగే చోట్లు దాన్ని బట్టి ఎంచుకోవచ్చు. మధ్యాహ్నం పడమట మబ్బు గడ్డకట్టినట్టు లేచినా, ఉరుము వినపడినా శిఖరం మీద ఉండకూడదు. మేలో అకాల వానలు పిడుగులతోనే వస్తాయి.

సెలైన్_బాటిల్:

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒంట్లో ఏం గమనించాలో చెప్పి ముగిస్తా. ఎక్కుతూ మాట్లాడుతుంటే ఒక వాక్యం పూర్తికాకుండా ఊపిరి తెగుతోందంటే నడక తగ్గించాలి. పిక్కలు పట్టేస్తే ఓఆర్‌ఎస్, నీడ, మెల్లగా సాగదీయడం. తల నొప్పి, వికారం, ఒళ్లు చల్లగా జిగటగా ఉండటం, తూలడం వస్తే ఆ మనిషి నడక ఆ రోజుకి అయిపోయినట్టే. నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, చొక్కా వదులు చేసి, కొద్దికొద్దిగా తాగించండి. అరగంటలో తేరుకోకపోతే మోసుకుని దించే ఏర్పాటు చూడాలి.

మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్తున్నా, ఉత్తపుణ్యానికి కోప్పడుతున్నా అది వడదెబ్బే. చెమట పడుతూనే ఉందిగా, వడదెబ్బ కాదులే అనుకోకండి. ఎక్కుడులో తగిలేదానికి చెమట ఆగక్కర్లేదు. అప్పుడు తాగించడం కాదు, తడపడం ముఖ్యం. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉన్న నీళ్లన్నీ తల, మెడ, చంకలు, గజ్జల మీద పోసి, తువ్వాలుతో ఆపకుండా విసరండి. ముందు చల్లబరచండి, మొయ్యడం తర్వాత. పారాసిటమాల్ దీనికి పని చెయ్యదు, ఇది జ్వరం వేడి కాదు. ఒకరు చల్లబరుస్తుంటే ఇంకొకరు సిగ్నలు ఉన్న చోటికి వెళ్లి 108 చెయ్యాలి. అందుకే నలుగురి కంటే తక్కువ మంది ఎక్కకూడదనేది.

ఫోన్లు ఎండలో వేడెక్కి వాటంతటవే ఆగిపోతాయి. ఒక ఫోను స్విచ్ ఆఫ్ చేసి బట్టల మధ్య, బ్యాగు లోపల పెట్టండి, జేబులో కాదు. ఈలలు నాలుగు కొనండి, పది రూపాయల పని.

ఆత్మకూరు_ఆడపడుచు:

నాన్న ఇదంతా చదివి, "నేను సగం దాకా వచ్చి నీడలో కూర్చుంటా, మీరు తిరిగొచ్చేటప్పుడు కలుపుకోండి" అంటున్నారు. అలా చెయ్యొచ్చా?

ముళ్లకంప:

ఒక్కరినే వదిలిపెట్టొద్దక్కా. నీడ జరగతాది, మనిషి జరగడు, అక్కడే కునుకు పడితే ఎండలో ఉండిపోతాడు. తోడు వచ్చే ఊరి మనిషిని ఆయన దగ్గర ఉంచండి, లేదా నలుగురూ ఆయన ఆగిన చోటే ఆగండి. సగం దాకా చూసినా గోడలు బాగానే కనపడతాయి. దిగినాక ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసేవాళ్ల దగ్గరికి పోండి, పదకొండింటి ఎండలో చేయదగ్గ పని అదే. కారులో ఇంకో ఐదు లీటర్ల క్యాను ఉంచండి, అద్దాల దగ్గర కాదు, సీటు కింద, తడిగోనె చుట్టి.